ఎర్ర రంగు పంపు

నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ తప్పుతాయి, ఒక పేజీ నింపడానికి రెండు రోజులు పడుతుంది. తప్పులు కనిపిస్తే దిద్దుకుని చదవండి.

"ఇంకో పూత వెయ్యరా శంకరరావూ, కింద తుప్పు కనబడతాంది," అన్నాడు పైడిరాజు అరుగు మీద నుంచి.

శంకరరావు గల్లీ చివర చేతిపంపుకి ఎర్ర రంగు పూస్తున్నాడు. పన్నుల ఆఫీసులో అతనిది రోజుకూలి పని. పూయడం అయ్యాక పంపు పక్కన ఒక బోర్డు పాతి, రంగు డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు.

"ఆ బోర్డు మీద ఏటి రాసుందయ్యా?" అని అడిగింది అతని భార్య అచ్చియమ్మ. ఆమెకి ఏ భాషలోనూ చదవడం రాదు.

"ఈ నీళ్లు తాగితే జబ్బులొస్తాయంట. పన్ను కట్టినోళ్లకి మంచినీళ్ల కుళాయి ఇస్తారంట. రెండూ ఒకే బోర్డు మీద రాసేరు, చూసేవా?"

పైడిరాజు బిలాస్‌పూర్ షెడ్‌లో గూడ్సు డ్రైవరుగా పనిచేసి, ఎనభై నాలుగులో రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి స్టేషనుకి ఆవల రెండు గదులు కట్టుకున్నాడు. ఆ గల్లీలో పద్నాలుగు ఇళ్లూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలవే. క్వార్టర్లో ఉన్నన్నాళ్లూ నీళ్లకీ దీపానికీ జీతంలోనే కోసుకునేవారు. నీళ్లూ వచ్చేవి, దీపమూ వెలిగేది. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది అందరూ దీపం పన్ను కట్టారు. స్తంభాలు పాతారు. తీగలు రాలేదు. ఇప్పుడు వాటికి పక్కింటి మంగాయమ్మ తన గేదెల్ని కడుతోంది. ఆ తరవాత మూడేళ్లుగా గల్లీలో ఎవరూ పైసా కట్టలేదు. కట్టొద్దని అందరికీ చెప్పింది పైడిరాజే.

"ఈసారికి కట్టేద్దామయ్యా," అంది అచ్చియమ్మ. "ముప్పై ఏళ్లు ఎర్ర సిగ్నల్ దాటనోడివి. ఇప్పుడు దాటతావా?"

"సిగ్నల్ వెనకాల లైను చూసినోడు ఒకడుంటాడే. దీని వెనకాల రసీదు పుస్తకం ఉంది."

లేచి వెళ్లి, ఆమె చూస్తుండగానే పంపు కొట్టి దోసిలితో తాగాడు.

ఆ రోజు నుంచి పంపు చప్పుడు వినబడితే చాలు, అది ఆగేదాకా ఆమె వంటింట్లో ఊపిరి బిగబట్టేది. అతను దగ్గితే లేచి కూర్చునేది. నాలుక చూపించమనేది. వారం దాటాక ఇక ఆగలేకపోయింది.

"నువ్వు పన్ను కట్టేదాకా నేను మంచినీళ్లు ముట్టను."

"అచ్ఛా. సత్యాగ్రహం నా మీదా, ఆఫీసు మీదా?" అని నవ్వాడు.

మే నెల ఎండలు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆమె పెదాలు పగిలి నెత్తురు కనిపించింది. పైడిరాజు చొక్కా తొడుక్కుని వెళ్లి, రసీదు తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు.

"నీ ప్రాణానికి కట్టేనే. ఆళ్ల మాటకి కాదు."

నాలుగు రోజుల్లో మనుషులొచ్చారు. కొత్తగా తవ్వే పని లేకుండా మురిక్కాలవలోంచే పైపు లాక్కొచ్చి కుళాయి బిగించి పోయారు. గల్లీలో పైడిరాజుకి కొత్త పేరు వచ్చింది.

"సర్కారోళ్ల అల్లుడుగారూ, మావి పంపు నీళ్లు, తాగుతారా?" అనేది మంగాయమ్మ.

అతను తల దించుకుని పోయేవాడు. అచ్చియమ్మకి మాత్రం ఆ మాటలు చెవికెక్కలేదు. కుళాయి కింద నిండుతున్న బిందె చప్పుడుకి ఆమె మనసు నెమ్మదించింది.

వానలు పడ్డాక పైడిరాజు కళ్లు పచ్చబడ్డాయి.

"కామెర్లు. మురుగు కలిసిన నీళ్లు తాగాడు," అన్నాడు డాక్టరు.

"నాలుగేళ్లు పంపు నీళ్లే తాగేడు బాబూ. బోర్డు పెట్టినా తాగేడు."

ఆమె మంచం దిగనివ్వలేదు. గంటకో గ్లాసు కుళాయి నీళ్లు తన చేత్తో పట్టింది.

"నోరు చేదుగా ఉందే. పంపు నీళ్లు ఓ గుక్క ఇయ్యి."

"చచ్చినా ఇవ్వను."

ఇరవయ్యో రోజున పోయాడు.

పన్నెండో రోజు గడిచాక అచ్చియమ్మ ఇంటింటికీ తిరిగింది.

"మేమూ ఆ పంపు నీళ్లే తాగుతున్నాం కదా వదినా. మాకేటీ కాలేదు," అంది మంగాయమ్మ.

"మీ వంతు ఇంకా రాలేదు. నా నుదురు చూసి బుద్ధి తెచ్చుకోండి."

మంగాయమ్మ ఆ నుదురు చూసి, మర్నాడే వెళ్లి పన్ను కట్టింది. దీపావళికల్లా గల్లీలో అందరూ పన్ను కట్టారు. పద్నాలుగు కుళాయిలు వచ్చాయి.

మరుసటి వానల్లో మంగాయమ్మ కొడుకు రమణబాబు కామెర్లతో పోయాడు. ఎదురింట్లో ఇద్దరు మంచం పట్టారు. అది పంపు తాలూకు పాత విషమేనని, కుళాయి నీళ్లు బాగా తాగితే కడుక్కుపోతుందని అచ్చియమ్మ అందరికీ ధైర్యం చెప్పింది. ఆ పంపు కళ్లెదుట ఉంటే నిద్ర పట్టడం లేదని, పీకేయమని ఆఫీసుకి కబురు పెట్టింది.

పీకడానికి శంకరరావే వచ్చాడు. పైపులు విప్పి బండిలో వేసుకుని, పారతో గొయ్యి పూడుస్తుంటే ఆమె వెళ్లి పక్కన నిలబడింది.

"ఏటుందిరా ఆ నీళ్లలో? ఆఫీసులో పరీక్ష చేసే ఉంటారు కదా. మా ఆయన్ని తినేసింది ఏదో, పేరయినా చెప్పు."

శంకరరావు పార ఆపాడు. తల ఎత్తలేదు.

"పన్ను కట్టని గల్లీలకి రంగు వెయ్యమన్నారు పిన్నీ, అంతే."

పిల్లా అచ్చియమ్మ, అరవై మూడేళ్లు, ఇప్పటికీ అదే గల్లీ, బిలాస్‌పూర్.