ఒక్క గ్రాము

మిషిగన్‌లోని నోవై తెలుగు సంఘం వాళ్ల డిబేట్ ఫైనల్. టాపిక్ వినగానే పెద్దవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. యూరప్ దేశాల్లో గంజాయిని ఎంతవరకు అనుమతించాలి! పిల్లలకి ఇంకేం దొరకలేదా?

పిల్లలే పట్టుబట్టారట. జడ్జిగా కూర్చోమంటే మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు, ఉమాకాంత్ తప్ప.

"ఈ మంచులో చికాగో నుంచి డ్రైవ్ చేశారా! ఏం ఓపికండీ మీకు!" అంది పోటీలు నడిపిస్తున్న మనీషా.

"శనివారం ఇంట్లో ఒక్కణ్నే కూర్చుని ఏం చేయనండీ? గోడలతో మాట్లాడాలి."

నిజమే. ఆఫీస్ మీటింగుల్లో తప్ప అతన్ని పలకరించే మనిషి లేడు. ఈ ఒక్క గంట కోసం నెల నుంచి ఎదురుచూస్తున్నాడు.

"రూల్ కాబట్టి అడుగుతున్నా. ఫైనల్‌కొచ్చిన ఈ ఇద్దరు పిల్లల్లో మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

"లేరండీ" అన్నాడు. కాసిన్ని నీళ్లు తాగాడు.

ముందు అఖిల్ లేచాడు. "జర్మనీలో పెద్దవాళ్ల జేబులో ఇరవై ఐదు గ్రాములుంటే ఓకే. పక్కనే పోలాండ్‌లో అడుగు పెడితే అదే క్రైమ్. మనిషి మారలేదు, లా మారింది. దానికి వాడి లైఫ్ పోవాలా?"

తర్వాత రియా. పదహారేళ్ల పిల్ల, పిడుగే అనుకోండి.

"పిల్లలున్న ఇంట్లో ఒక్క గ్రాము కూడా ఉండకూడదు. పిల్లలకన్నా అదే ఎక్కువైతే వాళ్లు అమ్మానాన్నలే కాదు!"

అఖిల్ ఏం అడిగినా టకటకా జవాబు చెప్పింది. ఉమాకాంత్ మనసు అఖిల్ మాట వైపే లాగింది. కానీ వాదన రియాదే గట్టిది. మార్కులు అటే వేశాడు.

"నువ్వే గెలిచావమ్మా."

రియా ఎగిరి గంతేసింది. "థాంక్యూ అంకుల్! నా స్పీచ్‌లో వీక్ పాయింట్ ఏమైనా ఉందా?"

"ఒక్కటుంది. ఆ తప్పు చేసినవాడు మారితే మళ్లీ ఇంట్లోకి రానివ్వాలా వద్దా, అది చెప్పలేదు నువ్వు."

"అది టాపిక్‌లో లేదు కదా అంకుల్!" అని నవ్వేసింది. "మమ్మీ కార్‌లో వెయిట్ చేస్తోంది. బై!"

"ఒక్క ఫోటో..." అనేలోపే తలుపు మూసుకుంది.

కిటికీ అద్దం తుడిచి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు. అబ్బ, ఇంత మంది మధ్య ఎంత ఒంటరితనం! మనీషా కాఫీ తెచ్చిస్తే వద్దనేశాడు.

మిషిగన్‌లో గంజాయి ఇంకా నేరంగా ఉన్న రోజుల్లో, కోటు జేబులో ఒక్క గ్రాము దొరికిందని విడాకుల కోర్టు అతన్నుంచి వేరుచేసిన రెండేళ్ల కూతురి పేరు రియా.