లిఖిత నాడి, ప్రత్యూష చెయ్యి

కీమో మొదలవగానే మణికట్టుకి కట్టే నాడిపట్టీతో వచ్చిన చిక్కేమిటంటే, అది డాక్టరుకే కాదు, చుట్టాలందరికీ నాడి చూపిస్తుంది. లిఖిత అరకు కొండ మీద నాలుగడుగులు వేస్తే చాలు, తునిలో మేనత్తకి ఆయాసం మొదలవుతుంది.

అందుకే వలిసె పూలు చూద్దామని బయల్దేరిన స్నేహితురాళ్ళిద్దరూ కొండ కిందే ఒక ఉపాయం ఆలోచించారు. లిఖిత పట్టీ ప్రత్యూష కట్టుకుంది.

సగం ఎక్కేసరికి లిఖిత బండ మీద కూలబడింది. పెదాలు తెల్లబడ్డాయి. పట్టీలోంచి మేనత్త గొంతు మాత్రం సంబరంగా వినిపించింది. "నాడి గడియారంలా కొట్టుకుంటోందమ్మా. అంతా నా రాగిజావ గుణం."

"పట్టీ నీకు కట్టేస్తానే. అంబులెన్స్ ఎగిరొచ్చేస్తాది," అంది ప్రత్యూష, మాట మేనత్తకి వినబడకుండా పట్టీని అరచేత్తో మూసి.

"వస్తే మళ్ళీ నన్ను గుమ్మం దాటనిస్తారేటి? కాసేపు కూర్చుంటే తగ్గిపోద్ది."

"ఇందాకా అదే అన్నావు."

"ఇందాకా తగ్గింది కదే."

లిఖిత వేళ్ళు చల్లబడుతున్నాయి. భయంతో ప్రత్యూష గుండె దడదడలాడింది.

"ఏటమ్మా లిఖితా, కంగారు పడుతున్నావేటి? నీళ్ళు తాగు," అంది మేనత్త.

ప్రత్యూష బుద్ధిగా రెండు గుక్కలు తాగింది.

ఇది బడలికో, ప్రాణం మీదికొచ్చిందో ఆమెకి తెలియడం లేదు. పట్టీ కడితే తెలుస్తుంది. కానీ ఊరికే బడలికైతే, వైద్యం పూర్తయ్యేదాకా లిఖితకి ఇల్లే జైలు. ప్రత్యూష పట్టీ సగం విప్పింది. లిఖిత ఇప్పుడే కళ్ళు మూసుకుంది.

అమ్మా, అయ్యా, మీ ఇళ్ళల్లోనూ ఈ పట్టీలున్నాయి కదా. మీరైతే ఏం చేస్తారు? కాస్త తొందరగా చెప్పండి.