దాహం లేని దుబ్బు

ఇప్పుడు దేశంలో ఏ వరిచేనైనా దాహమేస్తే నీలంగా మారుతుంది. పొద్దున్నే గట్టు మీద నిలబడి, రంగు చూసి నీళ్లు వదలడమే రైతు పని. వరికి ఆ గుణం అబ్బేలా చేసిన శాస్త్రవేత్త సుభాషిణికి ఎనభై దాటాయి. ఆ ఉదయం ఆమె విజయనగరం దగ్గర ఒక విత్తనపు చేను చూడటానికి వచ్చారు.

చేనంతా నీలం. కూలిమనిషి పైడితల్లి కేళీలు, అంటే జాతితో కలవని మొక్కలు, పీకేస్తోంది. పచ్చగా ఉన్న ఒక దుబ్బు మీద చెయ్యి వేసింది.

“ఆగమ్మా!” అన్నారు సుభాషిణి.

“ఇది కేళీ, డాక్టరమ్మా. దాహమేసినా సెప్పడం నేదు.”

సుభాషిణి చెప్పులు విడిచి చేలోకి దిగి, దుబ్బు మొదట్లో వేలు గుచ్చారు. నేల పొడిపొడిగా ఉంది. పక్క దుబ్బుల ఆకులు చుట్టుకుపోతున్నా దీని ఆకు విప్పారే ఉంది.

“దీనికి అసలు దాహమే వెయ్యలేదు,” అన్నారు.

“ఇది కూడా మీరే సేసినారా?”

“లేదమ్మా. నలభై ఏళ్లు కష్టపడి వరికి నీళ్లు అడగడం నేర్పాను. అడగకుండా బతకడం ఇది తనంతట తానే నేర్చుకుంది.”

పైడితల్లి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మరైతే నిన్న పీకీసినవో?”

ఇద్దరూ గట్టు మీది కుప్ప వైపు తిరిగారు. రాత్రంతా వేళ్లు గాలికి ఆరినా, అందులో రెండు ఇంకా పచ్చగానే ఉన్నాయి.