తేనెటీగల తగువు

ఎంగిలి చేత్తో కాకిని తోలని చెంచురామయ్య తేనెటీగలకి రోజూ పంచదార పాకం పోస్తున్నాడంటే ఊళ్లో నమ్మినవాళ్లు తక్కువ. నమ్మనివాళ్లు ఆయన భార్య కోటిరత్నాన్ని అడిగారు. నిజమేనని, తామిద్దరూ మాత్రం చప్పటి టీ తాగుతున్నామని ఆవిడ చెప్పింది.

అంతకు తెగించక తప్పలేదు మరి. నల్ల తామర పురుగు రెండేళ్లు వరసగా మిరపతోటని నాకేశాక, ఆయన మిరప మానేసి పుచ్చ వేశాడు. టీకొట్టు దగ్గర నవ్వినవాళ్లందరికీ కాయ కోసి చూపిస్తానన్నాడు. తీగలు బాగానే పాకాయి. పూత కూడా పచ్చగా విరగబూసింది. పిందె మాత్రం నిలవలేదు. పుచ్చపువ్వు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆలోపు ఈగ వాలకపోతే ఆ పువ్వు రాలినట్టే. మందులు కొట్టీ కొట్టీ ఆ చుట్టుపక్కల ఈగన్నది లేకుండా చేసుకున్నారు అందరూ. అందులో చెంచురామయ్య వాటా తక్కువేం కాదు.

అందుకే పర్చూరు నుంచి జమీలాని పిలిపించాడు. ఆవిడ తేనెటీగల పెట్టెలు అద్దెకిస్తుంది. సొంత ట్రాలీ ఆటోలో పెట్టెలు తెచ్చి, చేనిగట్టు మీద దించి, రెండు సంగతులు చెప్పింది. చుట్టుపక్కల ఎవరూ మందు కొట్టకూడదు, అదొకటి. పుచ్చపువ్వుకి వాసన అంతంత మాత్రం కాబట్టి ఈగలకి అలవాటు చెయ్యాలి, అది రెండోది. సాయంత్రం పాకం చల్లారాక అందులో దోసెడు పూలు వేసి మూతపెట్టి, తెల్లారి వడగట్టి పెట్టెల్లో పెట్టమంది.

"ఏ వాసన తాగితే ఆ వాసన వెంటే పోతాయండీ. బజ్జీల వాసన తగిలితే మన కాళ్లు అటే లాగవా? ఇదీ అంతే."

పక్క చేను ఏసోబుది. కౌలుకి ధనియాలు వేశాడు. ఇద్దరూ ఒకే బెంచీలో చదువుకున్నవాళ్లు, ఇప్పటికీ ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటారు. చెంచురామయ్య అడగ్గానే ఏసోబు సరేనన్నాడు. పేనుబంక కనపడుతున్నా మందు డబ్బా మూత తియ్యలేదు.

పాకం పని చెంచురామయ్య స్వయంగా చూసుకున్నాడు. కోటిరత్నం సాయం చేస్తానన్నా పడనివ్వలేదు. ఆవిడ చెయ్యి పడితే పంచదార దండగవుతుందని ఆయన భయం. రోజూ మసకబారాక గిన్నె పట్టుకుని తనే చేలోకి వెళ్లి వచ్చేవాడు.

ఈగలు పాకం శుభ్రంగా తాగాయి. ఝుమ్మని లేచాయి. పుచ్చతోట మీదుగా ఎగిరిపోయి ఏసోబు ధనియాల పూత మీద వాలాయి.

కొత్త చోటు కదా, దారి తప్పాయనుకున్నాడు చెంచురామయ్య. పాకం పెంచాడు. మర్నాడు ఇంకా తొందరగా పోయాయి. పూలు ఇంకాస్త ఎక్కువ వేశాడు. ఈసారి పుచ్చతోట వైపు చూడను కూడా చూడలేదు. తిండి తన దగ్గరా, చాకిరీ వాడి దగ్గరానా? ఇంకో వారం ఇలాగే గడిస్తే పూతంతా రాలిపోతుంది. తోట దున్నేసుకోవాలి, టీకొట్టు వైపు వెళ్లడం మానుకోవాలి.

ఆ ఆదివారం ఏసోబు చర్చి నుంచి వస్తుంటే తెల్లచొక్కా మీదే గట్టు దగ్గర నిలేశాడు. ఏదో మందు చల్లి తన ఈగల్ని లాక్కుంటున్నావన్నాడు. ఏసోబు బైబిలు చంకలో పెట్టుకుని, తన చేలో మందూ లేదు మాకూ లేదని ఓపిగ్గా చెప్పాడు. పైగా తన కష్టం తనకుంది. రోజూ తను ఇంటికెళ్లాక ఎవరిదో మేక చేలో పడి, పూలతలలు కొరికేసి పోతోందట.

"మేక సంగతి తర్వాత. ముందు ఆ పూతంతా కోసెయ్. లేకపోతే పంచాయతీ పెట్టిస్తా," అన్నాడు చెంచురామయ్య.

ఏసోబు మొహం పాలిపోయింది. పూత కోస్తే ధనియాలెక్కడివి? ఈ పంటా పోతే కౌలు చేను వదులుకోవాల్సిందే.

"నా నోటికాడ కూడురా రామయ్యా అది," అన్నాడు. ఆ మాటకి, మొగుడి వెనకే వచ్చిన కోటిరత్నానికి మనసు ఆగలేదు. జమీలాకి ఫోను చేసి రమ్మంది.

జమీలా మధ్యాహ్నానికల్లా వచ్చింది. ఒక్కో పెట్టె మూత తీసి చూసింది. ఈగలు నిక్షేపంగా ఉన్నాయి. పుచ్చతోట చూసింది, ధనియాల చేను చూసింది. ఇన్నేళ్లలో తన ఈగలు ఇలా తలవంపులు తేలేదని బాధపడింది. చివరికి, తను చెప్పింది చెప్పినట్టు చెయ్యలేదేమోనని చెంచురామయ్యనే మెల్లగా అడిగింది.

అసలే మండిపోతున్న మనిషి. అలాంటప్పుడు ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పంచదార మంచిదే వాడానన్నాడు, పాకం చల్లారాకే పూలు వేశానన్నాడు, ఒక్కరోజు కూడా తప్పలేదన్నాడు.

"మరి పూలు సరిగ్గా తెంపారాండీ?" అంది జమీలా.

ఏసోబు, కోటిరత్నం కూడా ఆయన వైపే చూశారు. చెంచురామయ్యకి పౌరుషం ముంచుకొచ్చింది.

"ఒక్కో పువ్వూ ఒక్కో పుచ్చకాయ కదమ్మా, నా చేలోవి నేనెట్టా తెంపుకుంటాను, రోజూ ఏసోబు చేలోవే దూసుకొచ్చి నానబెట్టా."