ఆరో కమాను కింద

గాజు పట్టీ మళ్లీ పగిలింది.

పెద్ద చౌకు తూర్పు వరుసలో, ఆరో కమాను మోసే స్తంభం మీద బీట. అది పెరుగుతోందో లేదో తెలియడానికి అడ్డంగా సోమవారం అతికించిన పట్టీ గురువారానికి రెండు ముక్కలైంది.

బ్లాంకా నిచ్చెన మీదే నిలబడిపోయింది.

వాల్సెరా నగరానికి ఆమె వాస్తుశిల్పిగా వచ్చి ఏడాది కాలేదు. రాళ్లు సర్దించింది. సందుల్లో సున్నం దట్టించింది. కమానుకు దుంగలతో ఊతం పెట్టించింది. చదువుకున్నదంతా చేసింది. బీట మాత్రం పెరుగుతూనే ఉంది.

"పైన కాదమ్మాయ్, కింద చూడు."

కింద ముసలాళ్ల వరుస. ఊళ్లో ఎక్కడ గడ్డపార మోగినా పెన్షనుదార్లు చేతులు వెనక్కి కట్టుకుని చేరిపోతారు. సలహాలకు కొదవుండదు.

ఈ మాటన్న మనిషికి ఎనభై ఉంటాయి. వెలిసిన కోటు, కాయలు కాచిన చేతులు.

"కింద ఏముంది తాతా?"

"బావి. ఈ చౌకు కట్టకముందు, ఇక్కడ మాంసం అంగళ్లున్న కాలం నాటిది."

"ప్లానులో బావి లేదే."

"ఉండదు."

మేస్త్రీ కాసిమీరో అందుకున్నాడు. "మొన్న ఒకాయన సొరంగం అన్నాడు మేడమ్. నిన్న ఒకాయన నిధి అన్నాడు. ఈయనది బావి. రేపెవరో సముద్రం తెస్తారు."

ముసలాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అంతర్యుద్ధానికి ముందటి చౌకు బొమ్మ చూశావా అమ్మాయ్?"

చూసింది. అందులో ఆరో కమాను మిగతావాటికంటే మూరెడు ఎక్కువ వెడల్పు.

"గీసినవాడి పొరపాటని మా ప్రొఫెసర్ చెప్పారు."

"పొరపాటు కాదు. మొదట కట్టినవాళ్లకి బావి సంగతి తెలుసు. స్తంభం దాని మీద పడకుండా కమానును సాగదీశారు. యుద్ధంలో ఈ వరుస కాలిపోయింది. గెలిచి మళ్లీ కట్టించిన మిలిటరీవాళ్లకి కమానులు కూడా కవాతులో నిలబడ్డట్టు ఉండాలి. అన్నీ సమానం చేశారు. స్తంభం తెచ్చి సరిగ్గా బావి మీద పెట్టారు. బావి నోటి మీద దుంగలు పరిచి మన్ను కప్పేశారు. ఆ దుంగలకైనా ఆయుష్షు తీరుతుంది కదమ్మా."

బ్లాంకాకి వింటుంటే నిజంలాగే ఉంది. చేతిలో ప్లాను చూస్తే మూడు ముద్రలు, నాలుగు సంతకాలు, స్తంభం కింద 'గట్టి నేల' అన్న రాత.

"ఇదంతా మీకెలా తెలుసు? మీరెవరు?"

ఆయన మునిసిపాలిటీ భవనం వైపు కాసేపు చూశాడు.

"ఇక్కడే రాళ్లు మోశాను. రెండేళ్లు. ఖైదీగా."

ఆమె ఇంకేదో అడగబోయేసరికి మేయర్ వచ్చాడు.

"జూన్‌లో ఉత్సవం పెట్టుకుని ఇంకా కొలతలేనా? ఐదు కమానులు కూల్చేసి కాంక్రీటు పోసేద్దాం. పైన రాతిపలకలు అంటిస్తే ఎవడు కనిపెడతాడు?"

"పది రోజులు ఆగండి."

"పదే. ముందు ఈ సభను అవతలికి పంపు."

కాసిమీరో తాడు కట్టాడు. మిగతా ముసలాళ్లు వేరే గుంట వెతుక్కున్నారు. ఆయన మాత్రం తాడు అవతల నిలబడ్డాడు.

వాన మొదలైంది. ఆయన కదల్లేదు.

"రెండు గజాలు తవ్వించమ్మాయ్. చాలు."

తవ్వితే స్తంభం కూలుతుందేమో. తవ్వకపోతే చౌకే పోతుంది. బ్లాంకా వినపడనట్టు టేపు పట్టుకుని మళ్లీ కొలిచింది. మూడుసార్లు కొలిస్తే మూడు లెక్కలు వచ్చాయి.

మూడు రోజులు అలాగే వచ్చాడు. నాలుగో రోజు రాలేదు.

తొమ్మిదో రోజు, ఆమె చూస్తుండగానే కొత్తగా అతికించిన గాజు పట్టీ టప్పున చిట్లింది.

బ్లాంకా పెన్సిలు కింద పెట్టింది.

"తవ్వించు కాసిమీరో."

"ఆ ముసలాయన మాట మీదా?"

"నా మాట మీద."

ఊతాలు రెట్టింపు చేసి తవ్వారు. రెండు గజాల లోతులో గడ్డపార మెత్తగా దిగబడింది. పైకి తీస్తే దాని మొనకు కుళ్లిన నల్లటి చెక్క. ఆ సందులోంచి కాసిమీరో ఒక రాయి వదిలాడు.

చాలాసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది.

కాసిమీరో టోపీ తీశాడు.

బీటకు కారణం దొరికింది; ఇక కమానులు కూల్చే పని లేదు. మర్నాడు పొద్దున్నే ఆమె వాకబు చేసుకుంటూ ఆయన దిగిన బస ఇంటికి వెళ్లింది.

"ఎవారిస్తో లియామస్ గారా?" అంది ఇంటామె. "మంగళవారం మట్టి చేశారమ్మా. ఊపిరితిత్తుల్లో నెమ్ము. వానలో నిలబడొద్దంటే విన్నాడా? నలభై ఏళ్లకు ఫ్రాన్స్ నుంచి వచ్చాడు పాపం. స్మశానానికి నేనూ ఫాదర్ గారూ, అంతే."

"నన్నేమైనా అన్నారా?"

"ఆ అమ్మాయికి తెలివుంది, తవ్విస్తుంది అన్నాడు."

బ్లాంకా ఆఫీసుకు వచ్చి రిపోర్టు రాసింది. కనీసం పేరైనా ఉండాలని చివర ఒక వాక్యం చేర్చింది: 'బావి ఉనికి తెలిపినవారు ఎవారిస్తో లియామస్, పునర్నిర్మాణంలో రాళ్లు మోసిన ఖైదీ.'

రికార్డుల గదిలో ముసలి గుమాస్తా దాన్ని చదివాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"తప్పు రాశానా?"

"తప్పు కాదమ్మా. సగమే రాశారు."

అడుగు అరలోంచి పాత ఉద్యోగుల పుస్తకం తీసి, యుద్ధం మొదలైన 1936 నాటి పుట తెరిచి ఆమె ముందు పెట్టాడు.

ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసిన ఎవారిస్తో లియామస్ పేరు కింద, ఇప్పుడు ఆమె చేస్తున్న ఉద్యోగమే రాసి ఉంది: నగర వాస్తుశిల్పి.