కన్నీటి పథ్యం

“నూనె వేడి తగులుతోందా?” అని అడిగారు గంగాధరన్ వైద్యర్.

బల్ల మీద బోర్లా పడుకున్న సహదేవన్ తగులుతోందని గొణిగాడు. అతని నడుం మీద మినప్పిండితో గుండ్రంగా గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసి నిలిపారు. చల్లారినప్పుడల్లా దాన్ని దూదితో తీసి వేడిది పోస్తున్నారు. భార్య కార్త్యాయని పక్కనే నిలబడి ఆ నూనె వంక తప్ప ఇంకెటూ చూడటం లేదు.

“బైజు ఫోన్ చేశాడా?” అని ఆమెను అడిగాడు సహదేవన్.

“చేశాడు. ఇంత వానలోనూ కల్లు బాగానే దిగుతోందట. అచ్చం నీలాగే గీస్తున్నాడని షాపువాళ్లు మెచ్చుకున్నారట.”

“తాగొచ్చి చెప్పాడేమో.”

“ఛ, వాడు మారిపోయాడయ్యా. ఇప్పుడు తిండి కూడా వేళకి తింటున్నాడు.”

వాళ్ల కొడుకు బైజు చనిపోయి అప్పటికే చాలా రోజులైంది.

సహదేవన్ కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఏళ్ల తరబడి పొద్దునా సాయంత్రమూ చెట్టును కరుచుకుని ఎక్కడం, తడి గుడ్డలతోనే గాలిలో ముడుచుకుని కూర్చోవడం. అలా చేస్తే వాతం వచ్చి నడుంలో కాపురం పెట్టదా అని వైద్యర్ మొదటిరోజే చీవాట్లు పెట్టారు. కర్కాటక మాసం వానలు మొదలవగానే మంచంతో సహా మోసుకొచ్చి ఈ వైద్యశాలలో చేర్చారు అతన్ని. కానీ కొబ్బరిగెలకు మనిషి నడుంనొప్పితో పనేముంది? గీత ఆగితే అది ఎండిపోతుంది. అందుకని ఆటో తోలుకునే బైజు అయిష్టంగానే నాన్న కత్తి నడుముకి కట్టుకున్నాడు. తడిసిన చెట్టు. అలవాటు లేని కాళ్లు. అంతే.

కబురు విని కార్త్యాయని కూలబడిపోతే వైద్యర్ ఆమెను పక్కకి తీసుకెళ్లారు. ఆయన వైద్యంలో పథ్యమంటే తిండి ఒక్కటే కాదు. పగటినిద్ర కూడదు, చన్నీళ్లు కూడదు, కోపం కూడదు. అన్నిటికంటే ముఖ్యంగా దుఃఖం కూడదు.

“తైలం పట్టిన ఒంట్లోకి శోకం దూరిందంటే వాతం మళ్లీ రేగుతుందమ్మా. ఈసారి పడితే మనిషి లేవడు. చికిత్స పూర్తయ్యాక నేనే చెబుతాను. అప్పటిదాకా గుండె రాయి చేసుకో.”

చేసుకుంది. మేకను ఎవరికైనా అప్పగించి వస్తానని మొగుడికి చెప్పి ఊరెళ్లింది. మేనల్లుడు చితికి నిప్పు పెడుతుంటే చూసింది. స్నానం చేసి, జుట్టు తుడుచుకుని, చీకటి పడకముందే తిరిగొచ్చింది. మేక బాగుందా అని అడిగాడు సహదేవన్. బాగుందంది. బైజు ఎలా ఉన్నాడని అడిగాడు. అక్కడ మొదలైంది ఆవిడ కష్టం.

ఒక్క అబద్ధంతో ఊరుకుంటే బాగుండేది. అతను రోజూ అడిగేవాడు. ఏం తిన్నాడు, ఎవరితో తిరుగుతున్నాడు, ఆటో ఎక్కడ పెట్టాడు? బతికున్నన్నాళ్లూ ఆవిడ కొడుకుని తిట్టని రోజు లేదు. ఇప్పుడు కూర్చుని వాడికి రోజుకో మంచిగుణం అంటగడుతోంది. వాడికో పిల్లని కూడా చూసింది. పిల్ల నర్సట, కాస్త నలుపట, వాడికి నచ్చిందట. అవన్నీ విని సహదేవన్ నవ్వేవాడు. ఆవిడ గంజి తెస్తానని బయటికొచ్చి, వావిలాకు మూటలు వేడిచేసే పొయ్యి దగ్గర కూర్చునేది. అక్కడ పొగకి అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

చికిత్స ఎప్పుడైపోతుందా అని ఆవిడ ఎదురుచూసింది. అప్పుడైనా గొంతెత్తి ఏడవొచ్చు. కానీ వైద్యర్ గడువు పొడిగిస్తూనే పోయారు. నొప్పి ఇంకా ఉందంటున్నాడమ్మా, ఇంకొన్నాళ్లు చూద్దాం అనేవారు. పక్క గదుల్లో మంచాల మీద వచ్చినవాళ్లు నడిచి వెళ్లిపోయారు. సహదేవన్ మాత్రం కదిలితే చాలు మూలిగేవాడు. ఇక ఈయన లేవడనీ, కొడుకుతోపాటు మొగుడూ పోయినట్టేననీ ఆవిడ నిశ్చయించుకుంది.

ఆ రోజు గంజి త్వరగా దొరికింది. గిన్నె పట్టుకుని వస్తూ కిటికీలోంచి చూసి ఆగిపోయింది. గదిలో సహదేవన్ నిలబడి ఉన్నాడు. కింద పడ్డ తువ్వాలు కోసం వంగాడు, తీసుకున్నాడు, నడుం మీద చెయ్యైనా వేయకుండా నిటారుగా లేచాడు. దులిపి భుజాన వేసుకున్నాడు.

ముందు సంతోషం ముంచుకొచ్చింది. వెనకే ఒళ్లు మండిపోయింది. ఆవిడ లోపలికి అడుగుపెట్టేసరికి అతను బోర్లా పడుకుని మూలుగుతున్నాడు.

“ఇవాళ మరీ పట్టేసిందే. బైజు ఏమన్నాడు?”

ఆవిడ గిన్నె కింద పెట్టింది. ఆ పిల్లని సినిమాకి తీసుకెళ్లాడట అని చెప్పి, అదే విసురున వైద్యర్ దగ్గరికి వెళ్లింది.

“ఆయన నడుం బాగైపోయింది వైద్యర్‌గారూ. నా కళ్లతో చూశాను. నేనిక్కడ లోలోపల కాలి చస్తుంటే ఆయన సుఖంగా పడుకుని తైలం పోయించుకుంటున్నాడు. మీకు తెలియదా?”

వైద్యర్ తలెత్తలేదు. “తెలుసమ్మా. ఇంటికెళ్లమని ఎప్పుడో చెప్పాను. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు, నీకు చెప్పొద్దన్నాడు.”

“ఏడ్చాడా? ఎందుకు?”

ఆయన చేతికున్న నూనె మెల్లగా తుడుచుకున్నారు.

“‘నేను లేచిన రోజున మా బైజు మళ్లీ చచ్చిపోతాడు’ అన్నాడమ్మా.”