లబ్ధిదారుడి మాట

ఢిల్లీ సాకేత్‌లోని ఫౌండేషన్ ఆఫీసులో, గాజుబల్ల మీద ఫోను పెట్టి ఇంద్రాణి స్పీకర్ నొక్కింది.

ఎదురుగా నేహా ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. చిన్న సేవాసంస్థలకు గ్రాంట్లిచ్చే ఫౌండేషన్‌లో దరఖాస్తులు చూసే అమ్మాయి. తెలుగు రాదు.

"మీ సాయం పొందినవాళ్ళలో ఒక్కరితోనైనా మాట్లాడాలి ఆంటీ. రూల్ హై," అంది హిందీలో.

ఇంద్రాణి సంస్థది ఒకటే పని. వైద్యానికి ఢిల్లీ వచ్చే తెలుగువాళ్ళ పక్కన నిలబడి, డాక్టరు మాట వాళ్ళకూ, వాళ్ళ మాట డాక్టరుకూ చెప్పడం.

సంస్థలో తోడుగా పనిచేసిన కమల ఉన్నప్పుడు ఇద్దరూ వంతులు వేసుకునేవారు. కమల పోయి ఏడాదిన్నర అయింది.

ఇప్పుడు ఇంటి దగ్గర మయూర్ విహార్‌లో ఆస్పత్రికని మెట్రో ఎక్కేది ఇంద్రాణి ఒక్కతే. దరఖాస్తులో సభ్యుల పట్టికలో ఒకే పేరు రాసింది.

గ్రాంటు వస్తే ఇంకొకరిని జీతానికి పెట్టుకోవచ్చు. తిరుగు మెట్రోలో పక్కన ఒక మనిషి ఉంటుంది.

వారం రోజులు పాత నంబర్లన్నిటికీ ఫోన్లు చేసింది. కొన్ని మోగలేదు. కొందరికి ఆమె గుర్తే లేదు. కనిగిరి దగ్గర పల్లె నుంచి అంకయ్య ఒక్కడే "చెప్తాలేమ్మా" అన్నాడు.

"అంకయ్య గారూ, మీ ఆవిడ ఆదెమ్మను ఇక్కడికి తెచ్చినప్పటి సంగతి చెప్పండి. నేను హిందీలో చెప్తాను."

"ఉన్నదున్నట్టు చెప్పమంటావా?"

"చెప్పండి."

"మాకు యాడికి పోవాలో తెలీదు. నెలరోజులు మా ఎంట తిరిగావు. కాయితాలన్నీ నువ్వే రాశావు."

ఇంద్రాణి చెప్పింది. నేహా టైపు చేసుకుంది.

"ఆకర్న డాక్టరు నీతో శానాసేపు మాట్లాడాడు. ఏమన్నాడని అడిగితే, మందులు పనిచేస్తన్నాయి, బయపడొద్దన్నావు. నాలుగు రోజులకి అక్కడే పాయె."

ఇంద్రాణి బల్ల అంచు పట్టుకుంది.

"కాయితం మా ఊరి డాక్టరుకి చూపిచ్చా. చేసేదేం లేదు, ఇంటికి తీసకపొమ్మని ఆ పొద్దే రాసుందంట. తెలిస్తే అప్పుడే రైలెక్కిచ్చేవాణ్ణి. కూతుర్ని చూడాలని కలవరిచ్చిందమ్మా అది."



"ఏమన్నారు ఆంటీ?" అడిగింది నేహా.

ఈ పిల్లకు తెలుగు రాదు. అవతల అంకయ్యకు హిందీ రాదు. మధ్యలో ఉన్నది తానొక్కతే.

ఆనాడు వార్డు గుమ్మంలోనూ అంతే. ఆదెమ్మ కళ్ళు తన మొహం మీదే ఉన్నాయి. నిజం నోట రాలేదు. తర్వాత ఎవరితోనైనా చెప్పుకుందామంటే, అప్పటికే కమల లేదు.



డాక్టరు అన్నది, తాను చెప్పింది, ఎక్కించలేకపోయిన రైలు, చూడలేకపోయిన కూతురు. ఇంద్రాణి ఒక్క మాట వదలకుండా హిందీలో చెప్పింది.

నేహా వేళ్ళు ఆగిపోయాయి.

"ఇంకొకటుందమ్మా," అన్నాడు అంకయ్య. "అంత పెద్ద ఊళ్ళో మా ఆదెమ్మని తిన్నావా అని అడిగింది నువ్వొక్కదానివే. అది కూడా ఆ పిల్లకి చెప్పు."

నేహా తలెత్తింది. "ఇప్పుడేమంటున్నారు?"

ఇంద్రాణి ఫోను తన వైపు లాక్కుంది.

"ఏం లేదు," అంది. "అంతే, అయిపోయిందంటున్నారు."